జెర్సీ రంగు ఎవరిది?

కలకత్తా చౌరంగీలో ఒకప్పుడు వైట్‌అవే లెయిడ్లా అని ఇంగ్లీషు దొరల పెద్ద దుకాణం ఉండేది. 1920లో కొత్తగా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టిన పెద్దమనుషులు జట్టుకు చొక్కాలు వెతుక్కుంటూ అందులోకి వెళ్లారట. అక్కడ తగిలించి ఉన్న ఎరుపు పసుపు చొక్కా వాళ్ల కంటపడిందట. బాగుంది, ఇదే తీసుకుందాం అనుకున్నారట. ఈస్ట్ బెంగాల్ రంగులు అలా కుదిరాయని ఆ ఊళ్లో ఏ పాత అభిమానిని కదిపినా చెబుతాడు. ఫలానా ఎరుపు ఫలానా త్యాగానికి గుర్తు అన్న వ్యాఖ్యానమేమీ లేదు. అంగట్లో దొరికిన చొక్కా, అంతే. నూరేళ్లుగా ఆ చొక్కా మీద అన్నదమ్ములు మాటలు మానేస్తున్నారు, వియ్యంకులు పందాలు కాస్తున్నారు.

రంగు యథాలాపంగా వచ్చినా, క్లబ్బు మాత్రం పౌరుషంలోంచే పుట్టింది. 1920 జూలై 28న కూచ్‌బెహార్ కప్పులో జోరాబగాన్ జట్టు మోహన్ బగాన్‌తో ఆడింది. ఆ రోజు జోరాబగాన్ వాళ్లు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ని పక్కన పెట్టారు. ఆయనది తూర్పు బెంగాల్. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురీదీ ఆ వైపే. కారణం అడిగితే సరైన జవాబు రాలేదు. సురేశ్ బాబు కండువా దులుపుకుని బయటికొచ్చి, తోటివాళ్లను పోగేసి, ఆగస్టు 1 కల్లా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టేశాడు. మమ్మల్ని దేన్ని బట్టి తక్కువ చూశారో ఆ ఊరి పేరే పెట్టుకుంటాం అన్న పట్టుదల అందులో ఉంది.

అవతలిది అప్పటికే మహాక్లబ్బు. మోహన్ బగాన్ పుట్టింది 1889 ఆగస్టు 15న. ఆకుపచ్చ, మెరూన్ రంగులు. 1911 జూలై 29న ఆ జట్టు ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. మన పదకొండు మందిలో బూట్లు వేసుకున్నది ఒక్క సుధీర్ చటర్జీ. మిగతావాళ్లందరివీ ఉత్తి కాళ్లు. శివదాస్ భాదురీ, అభిలాష్ ఘోష్ కొట్టిన ఆ రెండు గోల్స్ స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో చేరిపోయాయి. మోహన్ బగాన్ అభిమానితో వాదనకు దిగితే ఎటు తిరిగినా చివరికి 1911కే తీసుకొస్తాడు. దానికి ఎదురు చెప్పడం కష్టం కూడా.

రెండు జట్లూ మొదటిసారి లీగులో తలపడింది 1925 మే 28న. నేపాల్ చక్రవర్తి కొట్టిన ఒక్క గోలుతో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. అయితే అప్పటికి ఇది ఆటగాళ్ల మధ్య, క్లబ్బు పెద్దల మధ్య పోటీ. ఊరంతా రెండుగా చీలింది దేశ విభజన తరవాత. 1947లో ఇల్లూ పొలమూ వదిలేసి లక్షల మంది సరిహద్దు దాటి వచ్చారు. జాదవ్‌పూర్, బిజయ్‌గఢ్ వైపు ఖాళీ స్థలాల్లో కాలనీలు వేసుకున్నారు. పోయిన ఊళ్లలో వాళ్లకు చిరునామా లేదు, కొత్త ఊళ్లో మర్యాద లేదు. పాత ఊరి పేరును తలెత్తి అరవడానికి ఆదివారం ఒక గ్యాలరీ మాత్రం ఉంది. ఆ గ్యాలరీ రంగు ఎరుపు పసుపు.

నేను సికింద్రాబాద్ వాణ్ని. ఉద్యోగరీత్యా కలకత్తా చేరి జాదవ్‌పూర్ దగ్గర అద్దెకు దిగాను. ఇంటి యజమాని తండ్రి తూర్పు బెంగాల్‌లోని బరిసాల్ నుంచి వచ్చినవాడు. వీధిలో అందరిలాగే నేనూ ఆయన్ని కాకూ అనేవాణ్ని. నాది హైదరాబాద్ పక్కనే అనగానే, "అయితే హబీబ్ మీ ఊరివాడేగా?" అన్నాడాయన. వాకిట్లో అద్దె మాట పక్కకు పోయింది, ఫుట్‌బాల్ ఆటగాడు హబీబ్ కథ మొదలైంది.

ఈ రెండు జట్లు తలపడే డెర్బీ రోజు ఆ వీధి సంగతి చెప్పాలి. తూర్పు బెంగాల్ వాళ్ల పక్షం చేప పులస జాతి ఇలిష్, మోహన్ బగాన్ వాళ్ల పక్షం రొయ్య. ఎవరు గెలిస్తే ఆ రోజు బజార్లో వాళ్ల సరుకు ధర పైకి పోతుంది. కాకూ పొద్దున్నే స్నానం చేసి, మెడ దగ్గర పోగులు లేచిన పాత జెర్సీ తొడుక్కునేవాడు. ఎదురింట్లో ఆకుపచ్చ మెరూన్ జెండా లేస్తుంది. సాయంత్రానికి ఆ రెండిళ్లలో ఒక్క ఇంట్లోనే పొయ్యి మీద చేప ఉడుకుతుంది, రెండో ఇంటి కిటికీలు మూసి ఉంటాయి. మర్నాడు ఇద్దరూ ఒకే టీకొట్టు దగ్గర, ఒకే బెంచీ మీద, మట్టి ముంతలు పట్టుకుని మళ్లీ మొదలుపెడతారు.

ఆ బెంచీ మీద జెర్సీల చర్చ ఎంత సూక్ష్మంగా సాగుతుందో విని తీరాలి. సీజన్ మొదట్లో కొత్త జెర్సీ బయటికొస్తుంది. ఈస్ట్ బెంగాల్ వాళ్లకు మొదటి తగువు పసుపు దగ్గర. అది బంగారపు రంగా, నిమ్మకాయ రంగా? ఎరుపు పసుపు సగం సగం ఉండాలా, చారలుగా ఉండాలా? గుండె మీది కాగడా ముందా, స్పాన్సరు పేరు ముందా? ఆ కాగడాకీ కథ ఉంది. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం నడుమ లీగు ఆగిపోయింది. పై డివిజన్‌కు ఎక్కబోతున్న తమకు అన్యాయం జరిగిందని ఈస్ట్ బెంగాల్ వాళ్లు కాగడాలు పట్టుకుని ఊరేగారనీ, అదే చిహ్నమైందనీ చెప్పుకుంటారు. మోహన్ బగాన్ వాళ్ల చిహ్నం తెరచాప ఎత్తిన పడవ. వాళ్ల తగువు మెరూన్ దగ్గర: ఈసారి గోధుమ రంగులోకి దిగిపోయిందని ఒకడు, లేదు, నీ కళ్లే మసకబారాయని ఇంకొకడు. మైదాన్ దగ్గర కాలిబాట మీద అమ్మే పల్చటి జెర్సీల్లో ఏడాది పిల్లాడికి పట్టే కొలత కూడా దొరుకుతుంది. నడక రాని బిడ్డకు పార్టీ నిర్ణయమైపోతుందన్నమాట.

స్పాన్సర్ల చరిత్ర ఇంకో అధ్యాయం. 1998లో విజయ్ మాల్యా కంపెనీ రెండు క్లబ్బుల్లోకీ వచ్చింది. ఒకటి మెక్‌డొవెల్ మోహన్ బగాన్, మరొకటి కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాల్ అయ్యాయి. డబ్బు ఒకే పెట్టెలోంచి వస్తున్నా గ్యాలరీల్లో వైరం వీసమెత్తు తగ్గలేదు. దీన్నిబట్టి నాకు బలంగా అనిపించేది ఒకటే: జెర్సీకి డబ్బు కట్టేవాడు వేరు, జెర్సీకి యజమాని వేరు.

2020లో అది మరింత తేటతెల్లమైంది. అంతకు ఆరేళ్ల ముందు పుట్టిన ఏటీకే అనే జట్టుతో మోహన్ బగాన్‌ను కలిపేశారు. ఆకుపచ్చ మెరూన్ అలాగే ఉంచారు, పడవా ఉంచారు. పేరుకు ముందు మాత్రం మూడక్షరాలు చేరాయి. ఏటీకే గెలిచిన మూడు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) టైటిళ్లకు గుర్తుగా జెర్సీ మీద మూడు నక్షత్రాలు వచ్చాయి. ఊరికే వచ్చిన కీర్తి కదా, ఎవరు కాదంటారు? మోహన్ బగాన్ అభిమానులు కాదన్నారు. ఆ కప్పులు మేం గెలవలేదు, ఆ చుక్కలు మాకొద్దు అన్నారు. బ్యానర్లు కట్టారు, ఊరేగింపులు తీశారు. 2023 మార్చి 18న గోవాలో జట్టు ఐఎస్ఎల్ కప్పు గెలిచిన రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా ఆ మూడక్షరాలు తీసేస్తున్నామని ప్రకటించాడు. జూన్ నుంచి మోహన్ బగాన్ సూపర్ జయంట్ అయింది. తమది కాని గొప్పను వద్దన్నవాళ్ల మీద నాకు ఎనలేని గౌరవం. నేను కూర్చునేది అవతలి గ్యాలరీలో అయినా ఈ మాట అనకుండా ఉండలేను.

మరి ఆడినవాళ్లు ఎవరు? కాందిశీకుల జట్టుగా పేరుపడ్డ ఈస్ట్ బెంగాల్‌కు విభజన తరవాతి ఆ గడ్డురోజుల్లో కప్పుల మీద కప్పులు తెచ్చిన ముందు వరుస అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. పంచపాండవులని పిలుచుకున్నారు. ఐదుగురూ దక్షిణాది వాళ్లే. వాళ్ల వెనక మా ఊరి నుంచి బారులు తీరారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టినవాడు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినవాడు. చివరిదాకా హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలోనే బతికి 2023 ఫిబ్రవరిలో అక్కడి మనిషిగానే పోయాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, 1970 ఆసియా క్రీడల్లో దేశానికి కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఇద్దరూ హైదరాబాదీలే, ఇద్దరూ రెండు జెర్సీలూ వేసినవాళ్లే.

అందరిలోకీ మహమ్మద్ హబీబ్ వేరు. కలకత్తా ఆయన్ని బడే మియా అంది. ఈస్ట్ బెంగాల్ వరసగా ఆరేళ్లు లీగు గెలిచిన 1970-75 రోజుల్లో ఎక్కువ కాలం ఎరుపు పసుపులో ఆడాడు, ఆ తరవాత ఆకుపచ్చ మెరూన్‌లోకి మారాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమం చేసినప్పుడు ఒక గోలు శ్యామ్ థాపాది, రెండోది హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ అంతకు ముందు ఏడే, 1976 జూలై 24 డెర్బీలో, ఆట మొదలైన 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్ వలలో బంతి వేశాడు. కాకూ ఆ గోలు గురించి చెప్పేటప్పుడు నలభై ఏళ్ల తరవాత కూడా పళ్లు బిగించేవాడు. అన్నదమ్ముల్ని తిట్టడం మాత్రం ఎప్పుడూ వినలేదు. "మాకు ఆడినన్నాళ్లూ ప్రాణం పెట్టాడు" అనేవాడు హబీబ్‌ని. ఆయన 2023 ఆగస్టు 15న, మోహన్ బగాన్ పుట్టినరోజు నాడు, హైదరాబాద్‌లో కన్నుమూశాడు.

ఈ పిచ్చికి చీకటి కోణమూ ఉంది, దాన్ని దాచి రాయడం నాకు చేతకాదు. 1975 షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచిన తరవాత ఒక మోహన్ బగాన్ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్ డెర్బీలో గొడవ చెలరేగి పదహారు మంది చనిపోయారు. ఆట చూడ్డానికి పోయినవాళ్లు ఇళ్లకు తిరిగి రాలేదు. ఏటా ఆ తేదీన కలకత్తాలో రక్తదానం చేస్తారు. అయినా గ్యాలరీలు ఖాళీ కాలేదు. 1997 జూలై 13 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్‌లో 1,31,781 మంది కూర్చున్నారు. బైచుంగ్ భుటియా మూడు గోల్స్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచిన ఆ రోజు కథలు ఎన్ని విన్నా విసుగు రాదు. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ ఆసుపత్రి వైద్యురాలి హత్య మీద ఊరు భగ్గుమంటుంటే 18న జరగాల్సిన డ్యూరండ్ డెర్బీని రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా రెండు జెర్సీల వాళ్లూ, ఊళ్లోని మరో క్లబ్బు మహమ్మడన్ స్పోర్టింగ్ వాళ్లూ స్టేడియం బయటికి కలిసి వచ్చి న్యాయం కావాలని అరిచారు, పోలీసు లాఠీలు కలిసి తిన్నారు.

ఇదంతా చూసినకొద్దీ నాకు మా ఊరి మీద బెంగ పెరుగుతుంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950 డ్యూరండ్ ఫైనల్లో ఓడించింది సాక్షాత్తూ మోహన్ బగాన్‌నే. ఆ పోలీసు జట్టు ఏ రంగు చొక్కా వేసేదని హైదరాబాద్‌లో నేను అడిగినవాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు జనానిది కాదు. అది డిపార్ట్‌మెంటు జట్టు. ఆటగాడికి ఉద్యోగం ఉంది, జట్టుకు కప్పు ఉంది, చూసేవాడి చేతిలో మాత్రం సభ్యత్వం కార్డు లేదు. మైదాన్‌లో క్లబ్బు టెంటు ముందు క్యూ కట్టి తండ్రి పేరు పక్కన కొడుకు పేరు రాయించుకునే ఏర్పాటు మాకు ఎన్నడూ లేకపోయింది. డిపార్ట్‌మెంటు ఆటగాళ్లను తీసుకోవడం తగ్గేసరికి ఆ చొక్కాను అడిగి తీసుకునే దిక్కు లేకపోయింది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, పసుపు జెర్సీతో. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్ ఆడింది. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్ రంగు కూడా పసుపే. లెక్క ప్రకారం ఆ రోజు హోమ్ జట్టు హైదరాబాద్ కాబట్టి పసుపు మనకు దక్కింది, కేరళ వాళ్లు నలుపు నీలం వేసుకుని దిగారు. గ్యాలరీ నిండా పసుపే, ఆ పసుపంతా కేరళ నుంచి వచ్చినవాళ్లది. టావోరా ఆఖర్లో సమం చేసి, గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపి, కప్పు మనవాళ్లు గెలిచారు. ఆ గెలుపు టీవీలో చూస్తూ గొంతు పోయేలా అరిచాను. మూడేళ్లలో జట్టుకు జీతాల కష్టాలొచ్చాయి, ఆటగాళ్లు పోయారు, 2025లో జట్టే ఢిల్లీ తరలిపోయి పేరు మార్చుకుంది. ఏటీకే మూడక్షరాల కోసం మూడేళ్లు రోడ్డెక్కిన ఊరిని చూసిన నాకు, కప్పు గెలిచిన జట్టు హైదరాబాద్ వదిలి వెళ్లిపోతుంటే అడ్డం నిలబడే గుంపు లేకపోవడం ఇప్పటికీ మింగుడుపడదు.

హైదరాబాద్‌కు మళ్లీ ఎవరైనా జట్టు తెస్తే బ్రెజిల్ ఆటగాణ్ని వెతికే ముందు సభ్యత్వ పుస్తకం తెరవాలి. బార్కస్‌లో, మల్లేపల్లిలో, అమ్ముగూడలో బల్ల వేసుకుని కూర్చుని, చిన్న రుసుము తీసుకుని, కార్డు మీద పేరు రాసివ్వాలి. పోలీసు జట్టు పాత ఫొటోలు వెతికి, ఆడినవాళ్ల పిల్లల్ని పిలిచి రంగు ఏదో అడిగి, అదే జెర్సీకి పెట్టాలి. బాగాలేదని జనం పోట్లాడితే పోట్లాడనివ్వాలి. మొదటి కార్డు నాకే కావాలి, దానికోసం హౌరా నుంచి రైలెక్కి వస్తాను.