వెయ్యికా... పదివేలకా?

మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డు మీదుగా వెళ్తున్నారా? అయితే ముందు కారు అద్దాలు ఎక్కించేయండి. నేను మర్చిపోయా. యార్డు గేటు దాటేలోపే మూడు తుమ్ములు! పక్క సీట్లో బాబాయ్ మాత్రం నవ్వుతూ కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా ఆ ఘాటు పీల్చిన మనిషి మరి.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నల్లరేగడి నేల, పత్తి, మిర్చి... అదే మా బతుకు. కిందటేడు ఫిబ్రవరిలో ఇదే యార్డులో నాన్న అమ్మిన తేజ మిర్చి డబ్బే ఈ కారుకి డౌన్ పేమెంట్. మిగతాది ఐదేళ్ల ఈఎంఐ. అందుకే దీని మీద చిన్న గీత పడినా ఇంట్లో అందరికీ నొప్పే.

కారు వచ్చిన రోజు నుంచీ బాబాయ్‌ది ఒకటే పాట. "వెయ్యి కిలోమీటర్లు తిరగ్గానే ఆయిల్ మార్పించరా అబ్బాయ్!" ఆయన ట్రాక్టర్ మనిషి. కొత్త బండికి తొలి 50 గంటలకే ఆయిల్ మార్చడం అలవాటు. నేనేమో వెయ్యి కిలోమీటర్ల ఉచిత సర్వీసుకి వెళ్లా. చెక్ చేసి, కడిగి పంపారు. ఆయిల్ ముట్టుకోలేదు. "పదివేలకి మారుస్తాం" అన్నారు. నేనే గెలిచాననుకున్నా.

ఈసారి యార్డులో టిక్కీలు దించేసి, అటు నుంచి అటే ఒంగోలులో అత్త ఇంటికి బయల్దేరాం. దాదాపు 110 కిలోమీటర్లు. హైవే ఎక్కగానే ఎదురుగా లారీలు, పక్కన స్పిన్నింగ్ మిల్లులు. ఎడ్లపాడు దగ్గరికొచ్చేసరికి కొండవీడు కొండలు కనిపించాయి. దూరంగా కళ్లాల్లో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు మిరపకాయలు ఆరుతున్నాయి.

టీకి ఆగాం. టీ తాగడం అయ్యాక బాబాయ్ "బానెట్ ఎత్తు" అన్నాడు. బండి చదునైన చోటే ఉంది, ఇంజిన్ ఆపి పది నిమిషాలైంది. డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ కింది గీతకన్నా దిగువనే ఉంది!

"పుస్తకం ఏదిరా?"

డ్యాష్‌బోర్డు అరలో, కవర్ కూడా విప్పకుండా ఉంది. తీసి చదివితే నా గెలుపు గాల్లో కలిసింది. 10,000 కిలోమీటర్లు "లేదా" 12 నెలలు, ఏది ముందైతే అది! నేను తిరిగింది 4,860 కిలోమీటర్లే. కానీ కారు కొని 13 నెలలైంది. మధ్యలో ఆరు నెలల సర్వీసు కూడా ఎగ్గొట్టేశా. కింద ఇంకో మాట... దుమ్ములో తిరిగినా, ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేసే చిన్న ట్రిప్పులు ఎక్కువైనా ఇంకా ముందే మార్చాలట. ఇల్లు, పొలం, కళ్లం, మళ్లీ ఇల్లు. మా ఊరి జీవితమంతా ఆ ఒక్క పేరాలోనే ఉంది!

అలాగని బాబాయ్ చెప్పిందీ తప్పు కాదు. పాత ఇంజిన్లలో కొత్త భాగాలు ఒరుసుకుని సన్నటి ఇనుప రజను ఆయిల్లో కలిసేది. అందుకే తొందరగా మార్చేవాళ్లు. ఇప్పటి కార్లలో భాగాల నునుపు వేరు, ఆయిల్ వేరు. ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్ని తొందరపడి తీయొద్దని చెప్పే కంపెనీలూ ఉన్నాయి. తొలి వెయ్యి కిలోమీటర్లు మాత్రం ఇంజిన్‌ని గట్టిగా రేజ్ చేయకూడదు, ఒకే స్పీడులో గంటలకొద్దీ తోలకూడదు.

చిలకలూరిపేటలో పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే వెతికి కొని, పై గీత దాటకుండా పోశాం. మార్టూరు గ్రానైట్ ఫ్యాక్టరీలు, గుండ్లకమ్మ వంతెన... ఏవీ నేను సరిగ్గా చూడలేదు. చూపంతా మీటర్ మీదే, ఎర్ర లైటు వెలుగుతుందేమోనని!

మర్నాడు ఒంగోలులోనే ఆయిల్, ఫిల్టర్ మార్పించాం. ఎయిర్ ఫిల్టర్ దులిపితే మా పొలం మట్టే రాలింది. "ఇంజిన్ బాగానే ఉంది. సర్వీసులు తప్పితే మాత్రం రేపు ఏదైనా అయినప్పుడు వారంటీ రాకపోవచ్చు" అన్నాడు మెకానిక్. నాన్న మిర్చి డబ్బు కళ్ల ముందు తిరిగింది.

ఇప్పుడు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా, ఆరు నెలలకొకటి. మీరూ ఒకసారి ఆ పుస్తకం కవర్ విప్పండి. కిలోమీటర్లే కాదు, నెలలూ చూడండి.

తర్వాతిసారి యార్డుకి వెళ్లినప్పుడు అద్దాలు ఎక్కించా. బాబాయ్ మళ్లీ దించేశాడు. "మన కారు కొనిపెట్టిన వాసన్రా ఇది" అన్నాడు. ఇద్దరం తుమ్ముకుంటూ ఇంటికొచ్చాం.