నిన్నటి నీళ్ళు

బీరు కాచడానికి ఒకటి రెండు రోజుల ముందు చేసుకునే దాన్ని ఇక్కడ, బోస్టన్‌లో, ఈస్ట్ స్టార్టర్ అంటారు. నాకు మాత్రం అది తోడు. పాలకు పెరుగు చుక్క ఎట్లనో, ఇది అట్ల. లీటరు నీళ్ళలో 100 గ్రాముల మాల్టు పొడి కలిపి, పావుగంట మరిగించి, బాగా చల్లారాక పొట్లంలోని ఈస్ట్ వదలాలి. మూతి మీద రేకు వదులుగా కప్పి, అటు వచ్చినప్పుడల్లా ఫ్లాస్కును గుండ్రంగా తిప్పాలి. గాలి తగిలితే ఈస్ట్ బాగా పెరుగుతుంది. నెలల తరబడి ఫ్రిజ్జులో ఉన్న పొట్లంలో బతికున్న కణాలు తక్కువ. వాటిని నేరుగా 19 లీటర్ల బార్లీ కషాయంలో వేస్తే, అవి తేరుకునేలోపు ఆ తీపి మీద వేరే సూక్ష్మజీవులు పడతాయి. అందుకే ముందు చిన్న పాత్రలో మందను పెంచుకోవడం.

మాది వెంకటగిరికోట. మా ఇంట్లో బీరు మాట ఎత్తకూడదు. అమ్మ వాళ్ళ నాయన తాగి తాగి పోయినాడు. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు అవ్వ సంబరపడిందంట. కానీ కోటకు కర్ణాటక ఎంత దూరం? తాత సాయంత్రం బస్సెక్కేవాడు. అమ్మకు పులిసిన వాసనంటే ఇప్పటికీ రెండే: ఒకటి అంబలి, ఇంకోటి వాళ్ళ నాయన చొక్కా.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో నా వెనక ఫ్లాస్కు కనబడింది.

"ఏందిరా అది, పొంగుతా ఉంది?"

"అంబలి, అమ్మా."

రంగు కలిసొచ్చింది. ఆమె ముఖం వెలిగిపోయింది. వెంటనే పాఠం మొదలు: "చలికి పులవదు, పొయ్యి పక్కన పెట్టు. కుండ పూర్తిగా కడగొద్దు. నిన్నటి నీళ్ళు గరిటెడు అడుగున ఉంచి, దాంట్లోనే కొత్త పిండి కలుపు."

కుండ కడగొద్దు అన్నది తప్పిస్తే, నేను పుస్తకాల్లో చదివింది కూడా దాదాపు ఇదే. బీరువాళ్ళకు శుభ్రత పిచ్చి. పొట్లం కత్తిరించే కత్తెరను కూడా శానిటైజ్ చేయమంటారు. అంబలిని పులియబెట్టే బ్యాక్టీరియా బీరులో చేరితే దొంగ.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒకటే ప్రశ్న. "అంబలి పులిసిందా?" పులిసిందమ్మా. చెప్పేద్దామనుకున్న రోజులు లేకపోలేదు. కానీ కొడుకు అమెరికాలో అంబలి తాగుతున్నాడని వీధంతా చెప్పుకుని వచ్చాక ఏం చెప్తాం?

పోయిన నెల ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత రెండు కిలోల రాగిపిండి పంపింది. సిగ్గేసింది. ఆ రాత్రే ఫ్లాస్కు తళతళలాడేట్టు తోమి, నిజంగానే పిండి కలిపి పెట్టినాను. రెండు రోజులైనా పిండి అడుగున, నీళ్ళు పైన. పులుపు లేదు. ఇంకేం ఆలోచించకుండా అమ్మకు ఫోన్ చేసినాను.

"నిన్నటి నీళ్ళు కలిపినావా?"

"నిన్నటివి ఎక్కడివమ్మా, ఇదే కదా మొదటిసారి."

అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"మరి ఇన్నాళ్ళూ ఆ సీసాలో పొంగింది ఏందిరా?"