నాలుగడుగుల నీటి సందు
బస్తర్ ఘాట్లు దాటొచ్చిన బియ్యానికి కాకినాడ సముద్రంలో అసలు పరీక్ష

రాయ్‌పూర్ నుంచి దక్షిణానికి బయల్దేరిన లారీ కేశ్‌కాల్ ఘాట్ ఎక్కితే బస్తర్ మొదలవుతుంది. కొండగావ్, జగదల్‌పూర్, సుక్మా, కోంటా. 2013 మే 25న మావోయిస్టులు కాంగ్రెస్ నేతల కాన్వాయ్‌పై విరుచుకుపడిన ఝీరం లోయ ఈ 30వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. కోంటా దాటితే ఆంధ్రప్రదేశ్. చింతూరు, మారేడుమిల్లి ఘాట్, రంపచోడవరం మీదుగా దారి మైదానంలోకి దిగుతుంది. సముద్రం లేని ఛత్తీస్‌గఢ్ బియ్యానికి కాకినాడ ఒక ముఖ్యమైన రేవు.

ఇక్కడి డీప్‌వాటర్ పోర్టులో ఓడలు బెర్తుకు ఆనుకుంటాయి. పాత యాంకరేజి పోర్టులో ఆ వీలు లేదు. తీరం దగ్గర లోతు చాలక ఓడలు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే లంగరు వేస్తాయి. బస్తాలు బార్జిల్లో వెళ్లాలి. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అలలకు అడ్డుగోడలా నిలుస్తుంది కాబట్టే ఈ పని సాధ్యమవుతోంది.

అయినా సముద్రం పూర్తిగా ఊరుకోదు. చిన్న అలలకు పెద్ద ఓడ చలించదు. పక్కన కట్టిన బార్జి మాత్రం లేస్తూ, పడుతూ, ఒరుగుతూ ఉంటుంది. రెండింటి మధ్య సందులోకి చేరిన నీరు రెండు ఇనుప గోడల మధ్య చిక్కుతుంది. ఊయలను సరైన సమయంలో తోస్తే ఊపు పెరిగినట్టే, అలల లయ ఆ సందు లయతో కలిస్తే లోపలి నీరు బయటి అల కంటే ఎత్తుకు ఎగసిపడుతుంది. తాడు మరీ బిగిస్తే తెగుతుంది. వదులు చేస్తే బార్జి ఓడను గుద్దుతుంది. అందుకే మధ్యలో రబ్బరు ఫెండర్లు, టైర్లు. అలల తాకిడి తక్కువున్న వైపే బార్జిని కట్టడం ఆనవాయితీ. కానీ గాలి, పోటు మారితే లంగరు చుట్టూ ఓడ తిరుగుతుంది. చాటు కాస్తా ఎదురవుతుంది.

ఆస్ట్రేలియా తీరంలో 488 మీటర్ల పొడవున్న తేలే గ్యాస్ కర్మాగారం ‘ప్రెల్యూడ్’ పక్కన ట్యాంకర్లను కట్టేటప్పుడూ సమస్య ఇదే. అలాంటి చోట్ల ఇంజనీర్లు ముందే కంప్యూటర్లలో, నమూనా కొలనుల్లో లెక్కలు కడతారు. కాకినాడ బార్జి మీద ఆ లెక్క చాలావరకు సరంగు కంటిమీదే ఆధారపడుతుంది. అది తప్పితే నలిగేది బస్తా ఒక్కటే కాదు, దాన్ని క్రేన్ కొక్కేనికి తగిలించే కూలీ చేయి కూడా. అల పెరిగిన రోజు పని ఆపమనే మాట ఎవరు, ఎంత త్వరగా అంటారన్నదే అక్కడ ప్రాణాలు కాపాడే సంగతి.