త్వేరు నగరమున ఒక వంటయిల్లు



యాత్రావర్ణన మనగా కోటలను, దేవళములను, రాజవీథులను వర్ణింపవలెనని మీరు తలంతురు. నేను చూచిన పరదేశము మాత్రము చాలవరకొక వంటయింటిలోనే యిమిడియున్నది. రష్యాదేశమున నేనున్న పదునెనిమిది దినములలో అధికభాగము ఒక వృద్ధురాలి పొయ్యియొద్దనే గడచెను. కావున నా కన్నుల కగపడినదే వ్రాయుచున్నాను. ఇందు కొంత మీకు రుచింపకపోవచ్చును. నాకును మొదట రుచింపలేదు.

మా తమ్ముడు అచ్చట వైద్యవిద్య నభ్యసించుచుండెను. మన తెలుగునాటినుండి యెందరో బాలురును బాలికలును ఆ దేశమునకు వైద్యము చదువుకొన బోవుట మీ రెరిగినదే. 2019వ సంవత్సరము జనవరిలో వానికి న్యుమోనియా వచ్చి మూడు వారములు మంచము పట్టెను. తగ్గినదని వాడెంత చెప్పినను మా యమ్మకు కన్ను మూతపడలేదు. మా వారు ఉపాధ్యాయులు. పరీక్షలు సమీపించుటచే బడి విడిచి రాలేకపోయిరి. "నీవే పోయి చూచి రమ్ము" అని వారు ధైర్యము చెప్పగా, పొరుగూరికైన ఒంటిగా పోయి యెరుగని నేను ఫిబ్రవరి 22వ తేదీన మాస్కోలో దిగితిని. పాదలేపము కరగి హిమగిరిపై చిక్కువడిన ప్రవరుని కథ చిన్ననాడు మా నాయనగారియొద్ద చదువుకొంటిని. ఆ బ్రాహ్మణుని దిగులెట్టిదో ఆ మంచులో నిలిచినపుడే నాకు బోధపడెను.

త్వేరు నగరము మాస్కోకు వాయవ్యముగా సుమారు 170 కిలోమీటర్ల దూరమున వోల్గా తీరమున నున్నది. రైలులో రెండు గంటల ప్రయాణము. 1931 మొదలు 1990 వరకు దానిని కాలినిన్ అని పిలిచిరి. పిదప పాత పేరే మరల వచ్చెను. నది గడ్డకట్టి తెల్లని మైదానమువలె నుండెను. దానిపై మనుష్యులు పీటలు వేసికొని, మంచునకు రంధ్రములు తొలిచి గాలము వేయుచుండిరి. "నీళ్లెక్కడరా?" అని నేనడుగగా, "క్రింద పారుచున్నవక్కా" అని మా తమ్ముడు నవ్వెను. వాడు చిక్కియుండెనుగాని, నేను భయపడినంత కాదు. ముఖమున రక్తము తిరిగియుండెను. ఆ రక్తమెట్లు తిరిగెనో నాకు మరునాడు తెలిసినది.

నది కావలి యొడ్డున ఒక కొయ్యయింటిలో వాడు గది పుచ్చుకొని యుండెను. ఇల్లుగలామె డెబ్బదియేండ్ల వితంతువు. ఆ భాషలో అవ్వను బాబుష్క యందురు. వాడామె నట్లే పిలుచును. నేనును అవ్వ యనియే వ్రాసెదను. ఆ యింటి పొయ్యిని చూచి నేను నివ్వెరపోయితిని. అది యిటుకలతో గట్టి సున్నము పూసిన చిన్న గదివంటిది. కట్టెలు కాల్చి, నిప్పులు ప్రక్కకు ద్రోసి, కొమ్ముల కఱ్ఱవంటి పొడుగుపాటి పనిముట్టుతో ఇనుపకుండను లోపలికి నెట్టి మూత వేయుదురు. ఆ యిటుకల వేడికే రాత్రియంతయు వంట మగ్గుచుండును. మన దాలిగుంటలో పిడకల సెగకు పాలు కాగుటయు నిట్టిదే గదా! పొయ్యిపై అరుగున అవ్వ నిద్రించును. జ్వరపడిన నెలలో ఆ తావును మా తమ్మునికిచ్చి, తాను క్రింద బల్లపై పండుకొనెనట.

మరునాడు ఆ కుండనుండి యొక పుల్లని వాసన వచ్చెను. చింతపండుది కాదు, నిమ్మది కాదు. ఎక్కడనో ఎరిగిన పులుపు. దానితో నేనెరుగని మఱియొక వాసన కలిసియుండెను. మా తమ్ముడు నా ముఖము చూడక గోడను చూచుచు, "అక్కా, నీకొక మాట చెప్పవలెను. అది గోమాంసపు పులుసు. నేను తినుచున్నాను" అనెను.

నేను మాటాడలేకపోయితిని. బయలుదేరునపుడు మా యమ్మ వానిచేత ఒట్టు వేయించుకొన్న సంగతి మా యిరువురికిని జ్ఞప్తికి వచ్చెను. ఆ దినమంతయు నా సామానుతో వచ్చిన అటుకులు తిని ఊరకుంటిని. అవ్వ నన్ను చూచి, కుండను చూచి, యేమియు ననక తలుపు దగ్గరగా వేసెను.

రాత్రి నిద్రలేక ఆలోచించితిని. కోపపడుటకు ముందు ఆ వంట ఎట్టిదో, ఏ చేతులు దాని నెట్లు చేయుచున్నవో చూడవలెనని తోచెను. కావున తరువాతి శనివారము, మార్చి 2వ తేదీన, అవ్వ వంటకు కూర్చుండగా నేనును ఎదుట పీటపై కూర్చుంటిని.

ఆ పులుసు పేరు ష్చీ. దానికి ప్రాణము పులిసిన కోసుకూర. కోసుగడ్డలు విరివిగా దొరకు శరత్కాలమున, సెప్టెంబరు చివరను అక్టోబరులోను, ఇరుగుపొరుగు స్త్రీలు కూడి వానిని సన్నగా తరుగుదురు. పాటలు, వేళాకోళములు, పిండివంటలతో అది మన ఆవకాయల దినమువలెనే యుండునట. కిలో కూరకు ఇరువది మొదలు ఇరువదియైదు గ్రాముల ఉప్పు, కొంచెము కారెట్టు తురుము చేర్చి, నీరూరువరకు చేతులతో పిసికి, కొయ్యతొట్టిలోనో జాడీలోనో అదిమి, పైన చెక్కయు దానిపై కడిగిన రాయియు నుంచుదురు. కూర తన నీటిలో తాను మునిగియుండవలెను. గాలి తగిలినచో చెడును. దినమున కొకటి రెండు సారులు సన్నని కఱ్ఱతో అడుగువరకు పొడిచి వాయువును బయటికి పంపుదురు. వారమునకు పులుపెక్కును. పిదప చల్లని నేలమాళిగలో నుంచినచో చలికాలమంతయు నిలుచును. ఇందు పులుపుసరకేదియు వేయరు. పాలను పెరుగు చేయు జాతి సూక్ష్మజీవులే యిందును పులుపును పుట్టించును. పచ్చని ఆకు కంటికగపడని ఆ నెలలలో సి-విటమిను నొసగి, చిగుళ్లనుండి నెత్తురు కారు వ్యాధిని దరిజేరనీయనిది ఈ కూరయే. 1768లో యాత్రకు వెడలిన ఇంగ్లీషు నావికుడు కుక్కు ఇట్టి పులికూరనే పీపాలతో ఓడ కెక్కించుకొనెను.

అవ్వ జాడీ మూత తీయగానే ఆ యెరిగిన పులుపేదో తెలిసెను. అది మా అమ్మమ్మ యింటి తరవాణి కుండ! వేసవి యుదయములందు ఆమె మాకు పోసిన తరవాణిలోని పులుపే యిది. నా కన్నులు చెమర్చెను. అవ్వ కారణ మడిగెను, తమ్ముడు చెప్పెను. ఆమె ఒక చారెడు కూర తీసి నా దోసిట వేసెను. మాంసము తాకని చేతితోనే వేసెను. అది నేను గమనింపకపోలేదు.

ఇక వంట. ఎముకతో గూడిన రొమ్ముభాగపు మాంసము సుమారొక కిలో, మూడు లీటర్ల చన్నీటిలో వేసి, మెల్లగా కాచి, పైకి వచ్చు నురుగును తీసివేయును. నీరు తెర్లకూడదు, అంచున బుడగలు కదలుచుండిన చాలును. అట్లు రెండు మూడు గంటలుండవలెను. వేరొక కుండలో ముప్పాతిక కిలో పులికూరను కొంచెము వెన్నతో, గరిటెడు నీళ్లతో పొయ్యిలో మగ్గనిచ్చును. ఉల్లిపాయలు, కారెట్టు వేయించును. కొందరు బంగాళాదుంపలును వేయుదురు; అవి వేయదలచినచో పులికూర చేర్చుటకు ముందే ఉడికింపవలెననియు, పులుపు తగిలిన పిదప దుంప గట్టిపడుననియు అవ్వ చెప్పెను. చింతపండు పులుసు పోసిన తరువాత పప్పుడకదని మనకు తెలియనిదా! పిదప రెండు కుండలవియు కలిపి, మిరియములు, బిరియానీ ఆకు వేసి, రుచిచూచిన మీదటనే ఉప్పు వేయును. కూరలో మున్నే ఉప్పున్నది గదా. తుదిని వెల్లుల్లి. అంతటితో వడ్డింపరు. రాత్రియంతయు పొయ్యిలో నుంచి మరునాడు తిందురు. నిన్నటి ష్చీయే ష్చీ యని వారి మాట. వెనుకటి దినములలో దీనిని గడ్డకట్టించి బండిలో వేసికొని, దారిలో ముక్క పగులగొట్టి కాచుకొనెడివారట. మీద పుల్లని మీగడ వేసి, నల్లని రైరొట్టెతో తిందురు.

నేనీ వంటను వర్ణించుచున్నందుకు మీలో కొందరు ముఖము చిట్లింపవచ్చును. ఒక్కమాట చెప్పనిండు. మా యూరిలోనే, మా వీథికి నాలుగు ఫర్లాంగుల దూరమున, ఈ మాంసమునే వండుకొను ఇండ్లున్నవి. వారి పిల్లలు మా వారి బడిలో చదువుచున్నారు. ముప్పదియైదేండ్లలో నేనా పొయ్యిల యెదుట పీటవేసికొని కూర్చుండి యెరుగను. ఇంతదూరము వచ్చి పరాయి అవ్వ కుండలోనికి తొంగిచూచిన నాకు ఆ సంగతి తోచి సిగ్గైనది.

ఆదివారము రాత్రి తమ్ముని అడిగితిని: "ఉషస్తి కథ నీకు నాయన చెప్పలేదా? కరవులో ఆ ఋషి మావటివాని యెంగిలి మినుములు తినెను. నీళ్లిచ్చిన వలదనెను. మినుములు తినకున్న ప్రాణము పోవును, నీళ్లు వేరుచోటను దొరకును అని. జ్వరమున నీవు తింటివి, సరే. జ్వరము పోయినది గదా! ఇప్పుడేల?"

వాడు చాలసేపూరకుండి, "అక్కా, ఆపద్ధర్మమని చెప్పి నేను తప్పించుకొనవచ్చును. అది నిజము కాదు. నెల దినములు ఆమె చెంచాతో నా నోటికందించినది. లేచి తిరుగుచున్న పిదప ఆ గిన్నెను ద్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. ఇప్పుడు నాకది యిష్టమే. అమ్మకు చెప్పవలెనో వలదో నీవే తెలుపుము" అనెను. నా కుత్తరము దొరకలేదు.

మరునాడు, మార్చి 4, మహాశివరాత్రి. ఆశ్చర్యమేమనగా ఆ దినమునుండియే అవ్వయును మాంసము మానెను. వారి ఈస్టరు ఆ యేట ఏప్రిల్ 28. దానికి ముందు ఎనిమిది వారములు నిష్ఠగలవారు మాంసము ముట్టరు. మొదటి వారము పాలు, వెన్న, పలుచని అట్లు తిందురు. దానిని మాస్లెనిత్స యందురు. పిదప పాలును విడుతురు. ఒకే యింట ఒకే ఉదయమున ఇరువురము రెండు వ్రతములు పట్టితిమి.

సాయంకాలము తమ్ముడు నన్ను వోల్గా గట్టునకు గొనిపోయెను. అచ్చట 1955లో నిలిపిన అఫనాసీ నికితిన్ విగ్రహమున్నది. ఈ త్వేరు వర్తకుడు 15వ శతాబ్దిలో మూడు సముద్రములు దాటి మన దక్కనునకు వచ్చి బీదరులో నివసించెను. శివరాత్రికి హిందువులతో గూడి 'పర్వత'మను క్షేత్రమునకు పోయెను. అది మన శ్రీశైలమే యని పండితులు పలువురు తలచిరి. మనవారు ఎద్దును తండ్రి యనియు ఆవును తల్లి యనియు పిలుతురనియు, పరులు చూడకుండ భుజింతురనియు అతడు వ్రాసికొనెను. తాను క్రైస్తవుడనని చెప్పిన పిదప వారతనియెదుట భోజనమును దాచలేదట. దారిలో దొంగలు పుస్తకములు దోచుటచే ఈస్టరెన్నడో, ఉపవాసములెన్నడో తెలియక, తన వ్రతములు తప్పిపోయినవని పలుమారు విలపించెను. తుదకు స్వగ్రామము చేరకయే స్మోలెన్స్కు సమీపమున మరణించెను.

ఆ మంచులో నిలిచి నేననుకొంటిని: శివరాత్రికి మా కొండకు వచ్చిన ఈ యూరివాడు తన నియమము తప్పెనని యేడ్చెను, శివరాత్రినాడు మా యింటివాడీ యూర నియమము తప్పి నా ప్రక్కన తల వంచుకొని నిలిచియున్నాడు. వాని చేయి పట్టుకొని యింటికి తీసికొనివచ్చితిని.

మంగళవారము నా పారణకు అవ్వ క్రొత్త కుండ తీసి, ఎండిన పుట్టగొడుగులను నానబెట్టి, ఆ నీటిలోనే పులికూరను పొద్దుతిరుగుడు నూనెతో వండెను. ఉపవాసదినములందు వారు చేయు మాంసములేని ష్చీ యిదియే. మా యత్తవారింట పుట్టగొడుగు ముట్టరు. అవ్వ గిన్నె నా యెదుట నుంచి, తన గిన్నెతో ప్రక్కన కూర్చుండెను. నేను తింటిని. వేడిగా, పుల్లగా, ఆ చలిలో ఎముకలవరకు పోయినది. తమ్ముని ప్రశ్నలో సగము అప్పుడు నాకర్థమైనది.

ఇంటికి వచ్చిన పిదప మా యమ్మకు అంతయు నేనే చెప్పితిని. ఆమె బియ్యము చెరుగుట ఆపి, చాలసేపు చేటవంక చూచుచుండెను. తరువాత, "వాడిప్పుడు ఒళ్లు చేసినాడా?" అని మాత్రమడిగెను. చేసినాడంటిని. ఆమె మరల చెరుగసాగెను. ఆ మాట మా నడుమ మరల రాలేదు. కాని ఆ వేసవిని ఆవకాయ పెట్టునపుడు ఆమె ఒక చిన్న జాడీ వేరుగా తీసి, దానిలో కారము తగ్గించి కలిపెను. ఎవరికని నేనడుగలేదు.

పులికూర మన యిండ్లలోను పెట్టవచ్చును. మన యెండలకు త్వరగా పులిసి మెత్తబడును గనుక మార్గశిర పుష్యమాసములలో పెట్టుడు, మూడవనాడే రుచిచూడుడు. కూర నీటిలో మునిగియుండవలెనను మాట మాత్రము మరువకుడు.