పదిహేడో రౌండు మనిషి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఒకటుంది; 1989 నాటి డ్రాఫ్ట్ మాట ఎత్తితే గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు అభిమానులకు ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండో ఎంపిక చేతిలో పెట్టుకుని మావాళ్లు టోనీ మాండరిచ్‌ను తీసుకున్నారు. ఆ వెనకే వెళ్లిన బారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్ ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. రాత అనుకోవాలంతే!

అదే జట్టు 1956లో పదిహేడో రౌండులో, 200వ పేరుగా పిలిచిన కుర్రాడు బార్ట్ స్టార్. మొదటి రెండు సూపర్ బౌల్స్ తెచ్చిపెట్టాడు. ఆయన 15వ నంబరు ఇక ఎవరికీ ఇవ్వరు.

1919 నాటి క్లబ్బు అలా పక్కన పెట్టిన నంబర్లు ఆరే. ఆ పిసినారితనమే నాకిష్టం. ఇక్కడే ఆడిన ఆరన్ రాడ్జర్స్ 12వ నంబరు ఏడోది కావాల్సిందే, కాకపోతే తొందరేం లేదు. బ్రెట్ ఫార్వ్ 4కే 2015 దాకా ఆగారు మరి.