గాలికి మడి కట్టలేం

చలికాలం వచ్చి ఇంటింటా దగ్గులు మొదలవగానే వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతుంది. "మన పూర్వీకుల మడి, మైల, అంటు ఎంత శాస్త్రీయమో చూశారా! కరోనా వచ్చి ప్రపంచానికంతా నేర్పింది" అని. మొన్న మా స్టాఫ్ రూమ్‌లో ఒకరు ఇదే మాట ఎంతో మురిపెంగా చెప్పారు. ఆ మధ్యాహ్నం డిగ్రీ రెండో ఏడాది కుర్రాడొకడు క్లాసు అయిపోయాక ఆగి అడిగాడు: "మేడం, అది నిజమేనా?"

వాడికి చెప్పిన జవాబునే కొంచెం పొడిగించి ఇక్కడ రాస్తున్నా.

నిజం కాదు తమ్ముడూ. ముందు సైన్స్ ప్రకారమే నిజం కాదు.

కరోనా లాంటి శ్వాసకోశ వైరస్‌లు ఎక్కువగా పాకేది మనం పీల్చే గాలిలోంచి. దగ్గితేనే కాదు, మాట్లాడినా పాట పాడినా నోటి నుంచి తుంపరలు వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే రాలిపోతాయి. సన్నవి గదిలో తేలుతూనే ఉంటాయి. మా తాత చుట్ట కాల్చేవాడు. తలుపులు మూసిన ఇంట్లో ఆయన ఒక మూల కూర్చుంటే, ఇంకో మూల పడుకున్న మాకు దగ్గొచ్చేది. ఆరడుగులు కాదు, పన్నెండడుగులు జరిగినా లాభం లేదు. కిటికీ తీస్తేనే పొగ పోయేది. వైరస్ కథ కూడా దాదాపు అంతే.

ఈ సంగతి ఒప్పుకోడానికి పెద్ద సంస్థలకే ఏడాది పట్టింది. ఇది గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న ట్విట్టర్‌లో చెప్పింది. 2021 ఏప్రిల్ చివర్లో గానీ ఆ మాట మార్చుకోలేదు. ఆ మే నెలలో మన కేంద్ర ప్రభుత్వ ముఖ్య శాస్త్ర సలహాదారు కార్యాలయం, సన్నటి తుంపరలు 10 మీటర్ల దాకా పోగలవని, కిటికీలూ తలుపులూ తెరవండని సలహా ఇచ్చింది.

ఈలోపు మనం ఏం చేశాం? పాల ప్యాకెట్లు కడిగాం. సరే, ప్రపంచమంతా కడిగింది. కానీ 2020 మార్చి చివర్లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, ఊళ్లకు తిరిగొస్తున్న వలస కూలీలను పిల్లలతో సహా రోడ్డు మీద కూర్చోబెట్టి మందు నీళ్లు కొట్టారు. అపార్ట్‌మెంట్లలో పనిమనుషులను లిఫ్ట్ ఎక్కొద్దన్నారు. మనిషిని తాకితే ప్రమాదం అనే మాట మాత్రం ఈ దేశానికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేకపోయింది.

ఇక మడి సంగతి. పీష్వాల కాలంలో పూణేలో అంటరానివాళ్లు మెడలో ముంత కట్టుకు తిరగాల్సి వచ్చేదని, ఉమ్మి నేల మీద పడకూడదని, అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. ఆ ముంతను కూడా మాస్క్ అంటారా? ముంత కట్టుకున్నవాడికి దగ్గూ లేదు, జ్వరమూ లేదు. దగ్గుతున్న బ్రాహ్మడి మెడలో ముంత లేదు. జబ్బును చూసి కట్టింది కాదు అది, పుట్టుకను చూసి కట్టింది.

1918 ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయి లెక్కలు చూడండి. కింది కులాల హిందువుల్లో వెయ్యికి 61.6 మంది చనిపోయారు. మిగతా హిందువుల్లో 18.9. "అదిగో, మడి కాపాడింది" అనేవాళ్లు ఇంకో అంకె కూడా చూడాలి. ఏ మడీ లేని యూరోపియన్లలో 8.3. కాపాడినవి గాలాడే ఇళ్లు, కడుపునిండా తిండి, పిలిస్తే వచ్చే డాక్టరు. చంపినవి ఇరుకు గదులు, ఆకలి.

మా అమ్మ చదువుకోలేదు. ఆమె 'సామాజిక దూరం' అనలేదు, 'భౌతిక దూరం' అనీ అనలేదు. "జరం వచ్చినోళ్లు నాలుగు రోజులు ఎడంగా పడుకోండి, తగ్గినాక ఒకే కంచంలో తిందురు" అనేది. ఆ మాట రెండో సగంలోనే ఉంది తేడా అంతా. జాగ్రత్తకు ఒక గడువుంటుంది. ఎడం జబ్బుతో మొదలై జబ్బుతో పోతుంది. వెలికి గడువు లేదు. మనకు తగ్గడమనేదే ఉండదు వాళ్ల లెక్కలో.

అందుకని జాగ్రత్తలన్నీ వాళ్ల ఆచారమేనని మనం వదిలేయకూడదు. అవి మనకే ఎక్కువ కావాలి. నేను చదివిన సంక్షేమ హాస్టల్లో ఒకే హాలు, నలభై ట్రంకు పెట్టెలు, నలభై చాపలు. దోమలొస్తాయని కిటికీలకు మేకులు కొట్టేశారు. సోమవారం ఒకమ్మాయికి జలుబు చేస్తే శుక్రవారానికి హాలంతా దగ్గేది. వార్డెన్ మాత్రం "శుభ్రత లేదు మీకు" అని మమ్మల్నే తిట్టేది.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇవి చేయండి. ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి. మూసిన గదిలో సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటికి పంపదు. చాపలు పక్కపక్కనే వేయక తప్పకపోతే, ఒకరి తల ఉన్న వైపు పక్కవాళ్ల కాళ్లు ఉండేలా పడుకోండి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లను కిటికీ పక్కనో వరండాలోనో పడుకోబెట్టండి. అన్నం తీసుకెళ్లి ఇవ్వండి, పలకరించండి, ఒంటరిగా వదిలేయకండి. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఇద్దరూ మాస్క్ పెట్టుకోండి. ముక్కు పక్కన సందులేకుండా అతుక్కునే ఎన్-95 మంచిది, గుడ్డ మాస్క్ అంత పని చేయదు. చేతులు సబ్బుతో కడుక్కోవడం మానొద్దు. విరేచనాలు తెచ్చే క్రిముల్ని కూడా అది ఆపుతుంది.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు ఇంకో మాట. "జ్వరమొస్తే ఇంట్లో ఉండండి" అనే సలహా జీతం కోసే చోట పనికిరాదు. ఒక్కరోజు రాకపోతే కూలి పోయే కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు జ్వరంతోనే చీపురు పడుతుంది. ఆమెకు పూలు చల్లడం కాదు, జీతంతో కూడిన జబ్బు సెలవు కావాలి, మంచి మాస్క్ కావాలి. మన డిమాండ్ల పత్రంలో స్కాలర్‌షిప్ పక్కనే ఇవీ రాయాలి, హాస్టల్ కిటికీ కూడా రాయాలి.

రేపు పొద్దున మీ హాస్టల్లో కిటికీలు లెక్కపెట్టండి. మొత్తం ఎన్ని, తెరుచుకునేవి ఎన్ని, ఒక్కో గదిలో ఎంతమంది. కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి వార్డెన్‌కి ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని, లెక్క కింద కామెంట్లలో పెట్టండి. వచ్చే వారం ఆ లెక్కలతోనే మొదలుపెడదాం.

జై భీమ్.