బాసగూడ బాటలో ఒక సారథి

చర్ల సమీపంలోని పెదమిడిసిలేరు వద్ద తాలిపేరు జలాశయాన్ని చూసిన తెలుగువారు అనేకులు. ఆ నది ఏ అడవుల నడుమ నుండి వస్తున్నదో చూసినవారు మాత్రం కొద్దిమందే. ఏటి వెంట ఎగువకు పోగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బాసగూడ వస్తుంది. ఇది పూర్వపు అవిభక్త బస్తరు జిల్లాలోనిది. 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో నేడు భాగమై ఉన్నది. గోండి, హల్బీ, హిందీ భాషలతోపాటు తెలుగు, తెలుగు పదాలు విస్తారంగా కలిసిన దోర్లీ ఈ ప్రాంతపు సంతలలో వినిపిస్తాయి.

బైలడిల్లా ఇనుప గనుల పట్టణమైన కిరందుల్ నుండి మేము నలుగురు సహోద్యోగులం అద్దె జీపులో బయలుదేరాము. గీదం మీదుగా బీజాపూర్ చేరి, అక్కడి నుండి ఆవపల్లి దారిలో సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించాము. బండి నడిపినవారు భోపాలపట్నం వైపు తెలుగువారు, యాభై ఏళ్లు దాటినవారు. తన పేరు రాయవద్దని కోరారు గనుక ఇక్కడ 'అన్న' అనే వ్యవహరిస్తాను.

ఈ ఊరి కథ విననిదే అన్న చెప్పిన సంగతి బోధపడదు. 2005లో సల్వాజుడుం మొదలైన పిమ్మట బాసగూడ దాదాపు నిర్జనమైనది. కొందరు శిబిరాలకు, కొందరు అడవులకు, మరికొందరు నాటి ఖమ్మం జిల్లాకు తరలిపోయారు. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెళ్లినవారిలో కొందరు క్రమంగా తిరిగి వచ్చారు. ఇక్కడ సంతలో ఒక ముసలమ్మ చింతపండు గంప ముందు పెట్టుకుని కూర్చున్నదంటే, దాని వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

కొన్నేళ్ల క్రితం పాటల దృశ్యాలు తీసే ఒక బృందం మూడు రోజులకు అన్న బండిని మాట్లాడుకున్నది. మొదటి రోజంతా ఆయనను "అరే, గాడీవాలా" అనే పిలిచారు. మధ్యాహ్నం వారు చెట్టు నీడన భోజనాలు చేస్తుండగా ఆయన ఆకలితో బండిలోనే ఉండిపోయారు. ఆ తరువాత సంతలో ఒక అవ్వను గంప ఎత్తి నడవమని సైగ చేసి, సరిగా రాలేదని మళ్లీ మళ్లీ నడిపించారు. ఆమెకు హిందీ రాదు. నాలుగవసారి గంప జారి చింతపండు దుమ్ములో పడింది. వారు నవ్వారు.

అన్న దిగివెళ్లి అవ్వతో దోర్లీలో మాట్లాడారు. సరుకు అమ్మి, ఉప్పు కొనుక్కుని, చీకటి పడకముందే ఆమె తన పల్లెకు నడిచిపోవలసి ఉన్నది. "అమ్మను అడిగి తీయండి. పాడైన సరుకుకు వెల ఇవ్వండి," అన్నారు అన్న. "నీ పని స్టీరింగు పట్టుకోవడం," అన్నది సమాధానం. ఆయన మారు పలుకక చింతపండు ఏరి గంపలో వేసి, తన జేబులోని డబ్బు ఆమె చేతిలో పెట్టారు.

సాయంకాలం ఏరు దాటి ఇంకా లోపలికి పోదామని వారు పట్టుబట్టారు. పొద్దు గుంకిన తరువాత ఆ బాటలో పోరాదని అన్న చెప్పగా తిట్లకు దిగారు. అయినా ఆయన వారిని క్షేమంగా బీజాపూర్ చేర్చి, ఆ రోజు బాడుగ మాత్రం తీసుకుని, మిగిలిన రెండు రోజులు వేరే బండి చూసుకోమన్నారు. బండి వాయిదా కట్టవలసిన నెల అది.

"దారిలోనే దింపివేయవలసింది కదా?" అన్నాడు మాలో ఒకడు.

"బండి ఎక్కించుకున్నాక ఇల్లు చేర్చేదాకా పూచీ నాదే సారూ. వాళ్లకు మర్యాద లేదని నాది కూడా పోగొట్టుకోవాలా?" అన్నారు అన్న.

చలనచిత్రాలకు బస్తరు కొత్త కాదు. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ వాసి, మురియా బాలుడు చెంద్రు ప్రధాన పాత్రగా స్వీడన్ దర్శకుడు ఆర్నే సక్స్‌డార్ఫ్ తీసిన చిత్రం 1957లో విడుదలైనది. దానికి సంగీతం పండిట్ రవిశంకర్‌ది. 1958లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైనది. పులిపిల్లతో ఆడుకునే ఆ బాలుని స్వీడన్‌కు తీసుకువెళ్లి ఆదరించారు కూడా. కానీ చిత్రం లోకమంతా తిరగగా, ఊరికి మరలిన చెంద్రు పేదరికంలోనే జీవించి 2013 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆయన పట్ల దురుసుగా ప్రవర్తించినవారు లేరు. పని తీరిన పిమ్మట తలచుకున్నవారు తక్కువ.

ఈ తప్పు తెరమీది మనుషులకే పరిమితమని మనం తృప్తిపడనక్కరలేదు. మన కార్యాలయాల ముందు కూడా నిత్యం అద్దె బండ్లు నిలిచి ఉంటాయి. సమావేశం సాగినంతసేపు సారథి ఎదురుచూస్తూనే ఉంటాడు. ఆయన పేరు అడగడానికి, భోజనమైనదా అని విచారించడానికి ఏ అధికారి అనుమతీ అవసరం లేదు. మేము ఆ రోజు సంతలో ఫోటోలు తీయదలచినప్పుడు అన్న ముందుగా వెళ్లి అడిగివచ్చారు. ఇద్దరు సరేనన్నారు, ఒకామె వద్దన్నది. ఆమె ఫోటో మేము తీయలేదు.